తడిపిన పునాది

అందరికీ ఆయన పునాదుల మేస్త్రి. గోడలు లేపినవాడికి పేరొస్తుంది, పునాది తీసినవాడికి నడుంనొప్పి వస్తుంది అని నవ్వుతూ అనేవాడు. ఆయన చెయ్యి పడ్డ కట్టడాలన్నీ ఒక్కొక్కటే నేలమట్టమైపోగా, బట్టల గోదాము ఒక్కటే మిగిలింది. దాని పునాదికి ఆయన భార్య కాంక్రీటు తట్టలు మోసింది, మోసినంతసేపూ మొగుడితో పోట్లాడింది. ఆవిడ పోయాక, ఆవిడ చేతి పని మిగిలిన చోటు లోకంలో అదొక్కటే.

ముసలితనంలో ఆయన ఆ గోదాముకే కాపలాదారుగా కుదిరాడు. చివరికి దాన్నీ కూలగొట్టారు. కానీ పునాదిని మాత్రం తవ్విపారేయరట, గట్టిగా ఉందని తేలితే దానిమీదే కొత్త భవనం లేపుతారట. ఇంజనీరమ్మ వచ్చి చుట్టూ మట్టి తీయించి, పైన ఇనుప బరువులు పెట్టించి, ఒక్కో దిమ్మెకూ అగ్గిపెట్టెంత సెన్సర్ బిగించింది. దిమ్మె వెంట్రుకవాసి కదిలినా తన ఫోనులో తెలిసిపోతుందని, వానల్లోపు ఏ కదలికా లేకపోతే పునాది దక్కినట్టేనని చెప్పింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

ఎండలు ముదిరాయి. బయటపడ్డ కాంక్రీటు మాడిపోతుంటే ఆయన చూడలేకపోయాడు. కాంక్రీటుకు నీళ్ళు పట్టనివాడు మనిషే కాదని జీవితమంతా కూలీలను తిట్టిన నోరు మరి. పొద్దున్నే బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోయడం మొదలుపెట్టాడు. భార్య తట్టలు మోసిన మూలకు ఇంకాస్త ఎక్కువే పోశాడు. ఎప్పుడో గట్టిపడ్డ కాంక్రీటుకు నీళ్ళెందుకయ్యా అని ఆవిడుంటే అడిగేది.

ఒకరోజు ఇంజనీరమ్మ మొహం వేలాడేసుకుని వచ్చింది. ఆ మూల దిమ్మెలు కదులుతున్నాయట, ఈ పునాది పనికిరాదని పైవాళ్ళు తేల్చేశారట. మేస్త్రి కిందికి చూశాడు. దిమ్మెల చుట్టూ నల్లమట్టి తడిసి ఉబ్బిపోయి ఉంది. నల్లమట్టికి నీళ్ళు తగిలితే పొంగి దిమ్మెను ఎత్తుతుందని ఆయనకు తెలియనిది కాదు. తన గొయ్యి తానే తవ్వుకున్నాడు.

“అది కదల్లేదమ్మా, నేనే కదిపాను. రోజూ నీళ్ళు పోశాను.”

ఆమె నమ్మింది. ఆయన ఎదుటే పైవాళ్ళకు ఫోన్ చేసి, మట్టి ఆరాక మళ్ళీ చూద్దామని నెత్తీనోరూ మొత్తుకుంది. వాళ్ళు వినలేదు.

“ఒకసారి అనుమానం పడ్డాక దానిమీద ఎవరూ కట్టరు తాతా.”

ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

పగలగొట్టే యంత్రం ఆ మూల నుంచే మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి డ్రైవరు కిందికి దిగి, మొద్దుబారిన యంత్రపు ఉలిని తడిమి చూసుకుంటూ కాపలా ముసలాయనతో విసుక్కున్నాడు.

“ఏ మహానుభావుడు కట్టాడో గానీ పెద్దాయనా, చావగొడుతోంది. ఇంత గట్టిదాన్ని ఎందుకు పగలగొట్టిస్తున్నారో.”

ఇన్నేళ్ళలో మేస్త్రి పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. డ్రైవరు కొత్త ఉలి బిగించుకుని మళ్ళీ యంత్రం ఎక్కాడు.