నాన్న నల్లకోటు కోసం మండపేట దాకా

మా గోదావరి ఎండల్లో చలికని కోటు తొడిగేవాళ్లు ఎవరూ ఉండరు. పెళ్లికొడుకు రిసెప్షన్‌కి తొడుగుతాడు, లాయరు కోర్టుకి, టీటీఈ రైలెక్కడానికి. మా నాన్న టీటీఈ. మే నెలలో కూడా ఆ నల్లకోటుతోనే డ్యూటీకెళ్లి, చెమటతో తడిసి ముద్దయి ఇంటికొచ్చి, దాన్ని తిట్టుకుంటూ కొక్కేనికి తగిలించేవారు. నిరుడు ఆయన పోయారు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదంటూ పెద్దకర్మ రోజునే మా మేనత్త అన్నీ మూటగట్టింది. మండపేటలో వాళ్ల రైస్ మిల్లు నుంచి బియ్యం తెచ్చిన లారీ డ్రైవర్ సూరిబాబు చేతిలో ఆ మూట పెట్టేసింది. మూలన కూర్చున్న అమ్మని ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లకి మొన్న అమ్మే నోరు తెరిచింది. "ఆ కోటొక్కటీ తెచ్చిపెట్టవే. ఆయన వాసన మర్చిపోతున్నాను."

ఆదివారం ఉదయం రాజమండ్రి కాంప్లెక్స్‌లో మండపేట బస్సెక్కాను. ద్వారపూడి మీదుగా గంట పైనే పట్టింది. ఆడవాళ్లకి టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మాత్రం దగ్గరుంచుకోండి. కిటికీ పక్క సీటు దొరికినా పొలాలు చూసే మనసు లేకపోయింది. ఆ కోటు ఏ గోనెసంచుల కింద నలిగిపోతోందో అని ఒకటే గుబులు. బస్టాండులో ఆటో అతను ముప్పై రూపాయలు అడిగాడు. సూరిబాబు పేరు చెప్పగానే, "లాయరమ్మగారి నాన్నగారింటికాండి? ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అంటూ బయల్దేరదీశాడు.

సూరిబాబు నన్ను చూడగానే గుర్తుపట్టి, కుర్చీ తుడిచి వేశాడు. అమ్మ కోటు అడుగుతోందని చెప్పాను.

"అయ్యో, మా అమ్మాయి తొడుక్కుంటుందండి! మొన్నీమధ్యే ప్రాక్టీసు మొదలెట్టింది. దాని ఒంటికి సరిపోయేలా కత్తిరించి కుట్టించానండి. అంత మంచి గుడ్డ ఇప్పుడెక్కడ దొరుకుద్దండి?"

ఆ అమ్మాయి కోటు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. జేబు మీద నాన్న పేరుబిళ్ల గుచ్చిన చిల్లులు అలాగే ఉన్నాయి. మొహానికి ఆనించుకున్నాను. పౌడరు వాసన, ఇస్త్రీ వాసన. నాన్న ఎక్కడా లేరు. ఏడుపు తన్నుకొచ్చింది.

"తీసుకెళ్లండి మేడమ్, నేను ఇంకోటి కుట్టించుకుంటాను," అందా పిల్ల, కోటు మీంచి చూపు తిప్పకుండానే.

ఏం తీసుకెళ్లను? అమ్మ అడిగిన వాసన అందులో లేదు. "వద్దమ్మా, నువ్వే వేసుకో," అని తిరిగిచ్చేశాను. వాళ్లిచ్చిన కాఫీ తాగి బయల్దేరాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. ఖాళీ చేతులు చూసి అమ్మ, "పాడైపోయిందా?" అంది. జరిగింది చెప్పాను. "పోనీలే, ఆ పిల్లకైనా పనికొచ్చింది," అంది. మళ్లీ తనే, "ఆ రోజు నేనైనా వద్దనాల్సింది," అంటూ లోపలికెళ్లిపోయింది.

కోటు మంచి చోటికే చేరింది, కాదనను. అత్త మీద కోపమూ లేదు, అందరిళ్లలోనూ చేసేదే చేసింది. అయినా అంత తొందరేమిటండీ! మీ ఇంట్లో అలాంటి రోజొస్తే, మూట ముడేసే ముందు మూలన కూర్చున్న ఆయన భార్యని ఒక్కమాట అడగండి. ఆయన విడిచిన చొక్కా ఒకటి ఉతక్కుండా ఆవిడ దగ్గర ఉంచెయ్యండి.