గోవిందరావు ఫొటోల డబ్బా

రాయగడ బజారులో ఫొటో స్టూడియో గోవిందరావు పనిమంతుడు. మనిషీ చెడ్డవాడు కాదు. ఉన్నదల్లా గొప్పలు చెప్పుకునే జబ్బు ఒక్కటే. దానికి మందు లేదని ఆయన భార్య కస్తూరి పెళ్లైన కొత్తలోనే తేల్చేసింది.

పార్వతీపురంలో గోవిందరావు వాళ్లది కిరాణా వ్యాపారం. ఎనిమిదో తరగతి తప్పి, త్రాసు పట్టుకోనని మొండికేసి, తొంభై ఒకటిలో రాయగడ వచ్చి మేనమామ కొట్టు పక్కన చిన్న గదిలో కెమెరా పెట్టాడు. తెరుబలి ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల గేటుపాసు ఫొటోలు, పద్మపూర్ దాకా పెళ్లిళ్లు, బారసాలలు, అన్నీ తనే తీశాడు. ప్రతి నెగెటివూ కవర్లో పెట్టి, పేరూ తేదీ రాసి, రేకు పెట్టెల్లో దాచేవాడు. ఇక్కడి వానల సంగతి తెలిసిందే కదా, బీరువాలో బట్టలు కూడా చెమ్మెక్కుతాయి. రెండువేల ఆరులో పెట్టెలు తెరిచి చూస్తే సగం నెగెటివులకి బూజు. పెళ్లికూతుళ్ల ముఖాల మీద తెల్లటి మచ్చలు. ఆ రోజు గోవిందరావు అన్నం తినలేదు.

అందుకే రెండువేల ఎనిమిదిలో విశాఖపట్నం వెళ్లి ఆ డబ్బా తెచ్చాడు. రెండు ఉప్పు పొట్లాలు పక్కపక్కన నిలబెట్టినంత ఉంటుంది, అంతే. లోపల రెండు హార్డ్ డిస్కులు. కొట్లో ఉన్న రెండు కంప్యూటర్ల నుంచీ తీగలు దానికి కలుస్తాయి. ఏ కంప్యూటర్లోంచి ఫొటో పంపినా రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పడుతుంది. ఒకటి చెడిపోతే రెండోది ఉంటుంది. అమ్మినతను, దీనితో సరిపెట్టుకోకుండా ముఖ్యమైనవి సీడీల్లో కూడా వేసి ఇంట్లో పెట్టుకోమని చెప్పాడు. గోవిందరావు ఆ మాట రైల్లోనే మరిచిపోయాడు. బాగున్న నెగెటివులన్నీ స్కాన్ చేసి డబ్బాలోకి ఎక్కించి, రేకు పెట్టెలు పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. కంప్యూటర్లు నిండిపోతుంటే వాటిలోవీ తుడిచేశాడు. డబ్బాని గల్లాపెట్టె వెనక, వచ్చినవాళ్లకి కనిపించేలా ఎత్తులో పెట్టాడు. దాని ముందుభాగంలో రెండు పచ్చదీపాలు మిణుకుమంటుంటే, ఫొటోలకి వచ్చిన ప్రతివాళ్లకీ చూపించి, "మీ మొకాలకి ఇంక సావునేదు" అనేవాడు.

ఆ శ్రావణంలోనే దేముడమ్మ, లక్ష్మణుడు తమ పిల్లకి చెవులు కుట్టించారు. దేముడమ్మ మునిసిపాలిటీలో ఊడ్చే పని చేస్తుంది. లక్ష్మణుడు తెరుబలిలో కాంట్రాక్టు కూలీ. ఫొటో అంటే ముఖం తిప్పుకునే మనిషి. పిల్ల కోసమని ఆ ఒక్కరోజు మాత్రం భార్య పక్కన నిలబడ్డాడు. ప్రింటు ఎప్పుడిస్తావని దేముడమ్మ అడిగితే గోవిందరావు నవ్వాడు.

"ఈ వానల్లో ప్రింటు మీ గోడకెడితే అద్దానికి అతుక్కుపోద్దమ్మీ. నా డబ్బాలో ఉంది కదా. వానలు తగ్గేక రా, వందేళ్లయినా తీసిస్తాను."

వానలు తగ్గకముందే లక్ష్మణుడు మలేరియాతో పోయాడు. అతని ఫొటో ఉన్న గేటుపాసుని కాంట్రాక్టరు వెనక్కి తీసుకున్నాడు. ఇక లక్ష్మణుడి ముఖం ఉన్నది ఆ డబ్బాలోనే.

మరుసటి ఏడాది విశ్వకర్మ పూజ వచ్చింది. ఒడిశాలో ఆ రోజు ఏ యంత్రానికీ పని చెప్పరు. ఆటో నుంచి కుట్టుమిషను దాకా అన్నిటినీ కడిగి, తుడిచి, బొట్టు పెడతారు. కిందటేడు గోవిందరావు డబ్బా మూత మీద బొట్టు పెట్టి ఊరుకున్నాడు. ఈసారి మనసు ఒప్పలేదు. పనిచేసేది లోపలి డిస్కులైతే పై రేకుకి బొట్టు పెట్టడమేమిటి? కరెంటు తీసి, రెండు డిస్కులూ బయటికి లాగి, పీట మీద అరటాకు వేసి పక్కపక్కన పడుకోబెట్టి, చెరొక గంధం చుక్కా, చెరొక కుంకుమ చుక్కా పెట్టాడు. ప్రసాదానికి వచ్చినవాళ్లు ఏడెనిమిదిమంది చుట్టూ నిలబడి చూశారు. పూజయ్యాక డిస్కులు మళ్లీ లోపలికి తోశాడు. ఏది ఏ అరలోదో గుర్తు పెట్టుకోలేదు, అవి తారుమారయ్యాయి.

కరెంటు పెట్టగానే కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరుసల ప్రశ్న వచ్చింది. కింద అవునని ఒకటి, కాదని ఒకటి. గోవిందరావుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. పక్కనే బ్యాంకులో పనిచేసే మనోరంజన్ బాబు లడ్డూ తింటూ నిలబడ్డాడు, అడిగితే చదివి చెప్పేవాడు. అంతమందిలో అడగడమా? అన్నీ తెలిసినవాడిలా అవునని నొక్కేశాడు. ఆ డిస్కులని కొత్తవిగా లెక్కేసి అంతా చెరిపెయ్యమంటావా అని డబ్బా అడిగింది పాపం, దాని తప్పేమీ లేదు. పచ్చదీపాలు గబగబా కొట్టుకున్నాయి.

"సూసేరా, పూజకి సంతోసించింది" అన్నాడు గోవిందరావు. అందరూ దండం పెట్టారు.

మర్నాడు పొద్దున్న తెరిచి చూస్తే డబ్బా ఖాళీ. విశాఖపట్నం ఫోన్ చేశాడు. అమ్మినతను అంతా విని, "ముందు దాన్ని ఆపెయ్యండి. ఇంకొక్క ఫొటో కూడా అందులో వెయ్యకండి. హైదరాబాద్ పంపితే కొన్నయినా దొరకొచ్చు" అన్నాడు.

ఇక్కడే గోవిందరావు చేసిన పని చెప్పాలంటే నాకూ నోరు రావడం లేదు. తెలియక చేసినదాన్ని ఎవరైనా క్షమిస్తారు. డబ్బా ఆపేస్తే దీపాలు ఆరిపోతాయి. దీపాలు ఎందుకు ఆరాయని ఊరు అడుగుతుంది. కస్తూరి బతిమాలింది.

"పంపించీ. నవ్వితే నవ్వుతారు, నాల్రోజులు."

ఆయన పంపలేదు. డబ్బా నడుస్తూనే ఉంది. ఆ వారం తీసిన రెండు పెళ్లిళ్లూ అందులోకే వేశాడు, పాత ముఖాలున్న చోటే. వేస్తున్నప్పుడు ఏం చేస్తున్నాడో ఆయనకి తెలుసు.

పది రోజులకి దేముడమ్మ వచ్చింది. నెల తిరిగితే ఏడాది కార్యం, లక్ష్మణుడి ఫొటో పెద్దది కావాలంది. రేపు రమ్మన్నాడు. రేపు వస్తే ఎల్లుండి రమ్మన్నాడు. మూడోసారి ఆమె బల్ల మీద కూర్చుని, "ఇక్కడే ఉంటాను బాబూ, నీ పనవ్వనీ" అంది. సాయంత్రం దాకా కూర్చుని వెళ్లిపోయింది. గోవిందరావు ఆ రోజంతా తెర వెనక నుంచి బయటికి రాలేదు.

అప్పుడు తోచింది ఆయనకి. లక్ష్మణుడికి పెద్దబ్బాయని ఒక అన్న ఉన్నాడు, ఆటో లైసెన్సుకని మొన్ననే ఫొటో దిగాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ముఖకట్టు. నెరిసిన జుట్టు నల్లగా చేశాడు. కళ్లకింద ముడతలు తీసేశాడు. మీసం సన్నం చేశాడు. రెండు రోజులు కూర్చుని అన్నని తమ్ముడిగా మార్చాడు. అంత శ్రద్ధగా ఆయన ఎప్పుడూ పని చెయ్యలేదు. దేముడమ్మ చేతికిస్తూ, "ఆ రోజు ఎల్తురు సాలనేదమ్మీ, కొంచెం మారినట్టుంటాది" అన్నాడు. ఆమె చాలాసేపు చూసింది. కొట్లో ఇంకో నలుగురున్నారు. సరే బాబూ అని కొంగులో చుట్టుకుని, కార్యానికి భోజనానికి రమ్మని పిలిచి వెళ్లింది.

వెళ్లకపోతే అనుమానమొస్తుందని వెళ్లాడు. దారిపొడుగునా ఆయన కళ్లముందు ఒకటే దృశ్యం. దండ వేసిన తన ఫొటో కింద పెద్దబ్బాయి కూర్చుని అన్నం తినడం. అంతకన్న అశుభం ఇంకేముంది, అది తన చేతుల మీదే జరుగుతోంది. గుమ్మంలో పెద్దబ్బాయి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంటే ఆ చెయ్యి విదిలించుకుని పారిపోవాలనిపించింది.

గోడకి ఫొటో లేదు. పీట మీద దీపం, దాని వెనక మడతపెట్టిన లక్ష్మణుడి చొక్కా. అంతే.

దేముడమ్మ పెరట్లోకి పిలిచి, కవరు చేతిలో పెట్టింది.

"ఇది మా బావగారు. జుత్తు నల్లగా సేసేవు గానీ సెవులు ఆయనవే. బతికున్న మనిసికి దండెలాగేస్తాను బాబూ?"

గోవిందరావు నేల చూశాడు. "ఆ రోజే ఎందుకడగనేదు?"

"కొట్లో జనం ఉన్నారు కదా. నీకు సిన్నతనమైపోద్దని."

తిట్టి ఉంటే బాగుండేది. ఏ నలుగురి ముందు చిన్నతనానికి భయపడి ఈమె మొగుడి ముఖాన్ని చెరిపేశాడో, ఆ నలుగురి ముందే ఈమె ఆయన పరువు కాపాడింది. ఆ పెరట్లోనే ఆయన అంతా చెప్పేశాడు. బొట్టు, ఇంగ్లీషు ప్రశ్న, హైదరాబాద్ పంపకపోవడం, పైన పెళ్లిళ్లు వెయ్యడం. ఏదీ దాచలేదు. దేముడమ్మ విన్నది. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి, కానీ గొంతు మామూలుగానే ఉంది.

"పోనాది పోనాది. ఒక్కటడుగుతాను సెప్పు. ఆ రోజు పిల్ల ఏడుస్తందని నేను దాని కాసే సూస్తన్నాను. నువ్వు కెమేరాలోంచి సూసేవు కదా. మావ నవ్వేడా?"

గోవిందరావు వెతుక్కున్నాడు. చినుకులు పడుతుంటే కెమెరాకి పట్టిన తువ్వాలు గుర్తొచ్చింది. వెలుతురు చాలక ఫ్లాష్ పెంచడం గుర్తొచ్చింది. పిల్ల ఎర్ర గౌను కూడా గుర్తొచ్చింది. లక్ష్మణుడి ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. నవ్వాడమ్మీ, అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆమె ఆ మాట పట్టుకుని బతికినన్నాళ్లూ బతుకుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెల్దమ్మీ" అన్నాడు. "డబ్బాలో ఉంటాది కదా అనీసి నేను సరిగ్గా సూడనేదు."

దేముడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లి, పెద్దబ్బాయి పక్కన ఆయనకి విస్తరి వేసింది.