ఆ అయిదు సెంట్ల స్థలం

మా ఊరి మంచినీళ్ళ ప్లాంటు గురించి ఇంటర్నెట్‌లో ఒక వాక్యం ఉండేది. అది అబద్ధమని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. దాన్ని మార్చాలని నా మనవరాలు ఒక వేసవంతా కష్టపడింది. అనుకున్నట్టు ఎందుకు మార్చలేకపోయిందో దానికంటే ముందు నాకు తెలిసింది. తెలిసీ చాలా రోజులు చెప్పలేదు. నేను చదివింది మూడో తరగతి వరకే. ఇది నేనే రాశాను, అక్షరాలు వంకరగా వస్తాయి. మనవరాలు దిద్దింది గాని, మాట మార్చలేదు.

మనవరాలు నా పెద్దకొడుకు కూతురు. టెక్కలిలో డిగ్రీ చదువుతోంది. ఇంటర్నెట్‌లో తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం ఉందట. ఎవరికీ జీతం ఉండదు. ఇష్టమున్నవాళ్ళు ఊళ్ళ గురించి, చేపల గురించి, మనుషుల గురించి రాస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతారు. మా పిల్ల అందులో మా ఉద్దానం ఊళ్ళ గురించి రాస్తూ ఉండేది. కూలి లేని పనికి ఫోను బ్యాటరీ తగలెయ్యడం ఎందుకని నేను తిట్టేదాన్ని.

ఆ రోజు వాకిట్లో కూర్చుని జీడిపప్పు మీది పొట్టు గీకుతున్నాను. అది పక్కన కూర్చుని మా నాయకుడి పేజీ చదివి వినిపిస్తోంది. ఆయన ఈ చుట్టుపక్కల చాలా ఏళ్ళు పదవిలో ఉన్నాడు. పుట్టిన ఊరు, చదువు, గెలిచినవి, ఓడినవి అన్నీ అయ్యాక ఈ మాట వచ్చింది: 'కిడ్నీ వ్యాధులతో బాధపడుతున్న ఉద్దానం ప్రజల కోసం తన సొంత స్థలంలో మంచినీటి కేంద్రాన్ని నిర్మించి ఇచ్చాడు.' కింద మా ఊరి పేరు.

నా చేతిలో చాకు ఆగిపోయింది.

"మళ్ళీ సదువు," అన్నాను.

చదివింది.

"ఎవుడి సొంత స్థలమే అది?"

"అదే కదా మామ్మా! తాతది కదేటి? రోడ్డు పక్క జీడితోటలో ముక్క."

"ఇప్పుడే తీసీ దాన్ని."

"తీసేత్తానుండు," అంది నవ్వుతూ. అంత తేలిక అనుకుంది పాపం.

ఆ స్థలం సంగతి చెప్పాలి. మా అత్తగారు కాళ్ళు వాచి, ముఖం వాచి, అన్నం సయించక పోయింది. అప్పటికి ఆ రోగానికి పేరు కూడా ఎవరికీ తెలియదు. తర్వాత మా ఆయనకు అదే వచ్చింది. పేరు తెలిసింది గాని మందు తెలియలేదు. ఎందుకు వస్తుందో ఒక్కో డాక్టరు ఒక్కోటి చెప్పాడు. ఎక్కువమంది నీళ్ళ మీదికే తోశారు. వారానికి రెండు సార్లు ఆటో ఎక్కి పలాస వెళ్ళి రక్తం కడిగించుకుని వచ్చేవాడు. మనిషి ఎండిపోయిన కొబ్బరి మట్టలా అయ్యాడు. అప్పుడు ప్లాంటు శాంక్షన్ అయింది, స్థలం చూపించాలి అని కబురొచ్చింది. ఊళ్ళో భూమి ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అందరూ తల దించుకున్నారు. మా ఆయన పెద్దమనుషుల ముందు లేచి నిలబడి, "రోడ్డు పక్కది నాది అయిదు సెంట్లు తీసుకోండి," అన్నాడు. కాగితం లేదు, సంతకం లేదు. మా దగ్గర పదిమంది ముందు అన్న మాట వెనక్కి పోదు. అలాగే ఇచ్చాడు. ప్లాంటు వచ్చిన ఏడాదికి పోయాడు.

కాబట్టి నాకు కావలసింది ఒక్క మాట. నాయకుడి మీద మచ్చ వెయ్యమనలేదు. ఆయన పొగడ్తలు ఆయన ఉంచుకోవచ్చు. స్థలం ఎవరిదో అది రాయాలి.

మనవరాలు 'సొంత స్థలంలో' అన్నది తీసేసి, 'గ్రామానికి చెందిన ఒక రైతు ఇచ్చిన స్థలంలో' అని రాసింది. తాత పేరు కూడా పెట్టలేదు, మర్యాద కాదని. మేము అన్నం తిని లేచేసరికి మళ్ళీ పాత వాక్యమే వచ్చేసింది. మార్చినవాడు నాయకుడి మనిషే అని మాకు అనిపించింది. వాడు ఈ ఒక్క పేజీలో తప్ప ఇంకెక్కడా ఏమీ రాయలేదట.

పేజీ వెనకాల చర్చ పేజీ అని ఇంకోటి ఉంటుంది. తగువు వస్తే అక్కడ తేల్చుకోవాలి. మనవరాలు అక్కడ రాసింది. నాయకుడి మనిషి రాశాడు. మూడో మనిషి ఒకాయన వచ్చాడు. ఎక్కడివాడో తెలియదు, చాలా ఏళ్ళుగా అక్కడ రాస్తున్నాడట, అందరూ ఆయన మాట వింటారట. ప్రతి ముక్కకీ 'మూలం చూపగలరు' అనేవాడు. అంటే ఎక్కడ అచ్చయిందో చూపించమని. మేము ఇంట్లో ఆయనకు మూలాలాయన అని పేరు పెట్టుకున్నాం.

రోజూ సాయంత్రం కాగానే అది చదవడం, నేను వినడం. మంచి మర్యాదస్తుల తగువు. ప్రతివాడూ ఎదుటివాణ్ణి గారు అనే అంటాడు. మా ఊళ్ళో అయితే ఈపాటికి అమ్మానాన్నల దాకా వెళ్ళిపోయేది.

"మన ఏపు ఎంతమంది ఉన్నారే?" అని అడిగాను.

"ఓట్లు కావు మామ్మా. ఎవుడి మాటకి ఆధారం ఉంటే ఆడిది."

"ఆధారం నేదేటి? ఊరంతా ఉంది. అందర్నీ ఎల్లి రాయమను."

"అలగ ఒక్కపాలే గుంపుగా వొచ్చి రాత్తే, అందరివీ తీసేత్తారు. ఎవుడో పురమాయించినాడనుకుంటారు."

"మరి ఊరోళ్ళ మాటకి ఇలవ ఏటున్నట్టు?"



మూలాలాయన ఒకనాడు అడిగాడు: 'స్థలదాతకు మీరు బంధువులా?' మనవరాలు నిజం చెప్పింది, మనవరాలినని. నేనే అలా పెంచాను. దాంతో నాయకుడి మనిషికి ఊపిరి వచ్చింది. సొంత కుటుంబం గొప్ప కోసం పెద్దమనిషి చరిత్ర పాడుచేస్తున్నారని రాశాడు. వాడు నాయకుడికి ఏమవుతాడని కూడా మూలాలాయన అడిగాడు. అది మాత్రం ఒప్పుకోవాలి, ఆయన ఇద్దర్నీ ఒకేలా అడిగాడు. వాడు తాను ఒక మామూలు పాఠకుణ్ణి అని రాశాడు. నిజం చెప్పినదాని మాట తేలికైపోయింది, అబద్ధం చెప్పినవాడి మాట మామూలు మాటగా మిగిలింది.

అప్పుడు మనవరాలు భూమి రికార్డు నకలు తెచ్చింది. ఆ సర్వే నంబరు ఈ రోజుకీ మా ఆయన పేరు మీదే ఉంది, మార్చలేదు కనక. ఇంక తిరుగులేదనుకున్నాం. మూలాలాయన నెమ్మదిగా రాశాడు. ఆ కాగితంలో ప్లాంటు ఆ స్థలంలోనే ఉందని లేదు, దానమిచ్చారని లేదు, రెండూ కలిపి మనం తీర్పు చెప్పకూడదు, ఇంకెవరైనా పుస్తకంలోనో పత్రికలోనో రాసి ఉంటే చూపండి అని. చివర, 'మీ నాయనమ్మగారి మాట మీద మాకు పూర్తి గౌరవం ఉంది' అని కూడా రాశాడు.

"గౌరవం ఉంతే రాయొచ్చు కదా," అన్నాను.

"రూలు ఒప్పుకోదు మామ్మా. రేపు ఎవుడో ఒకడొచ్చి, మా అవ్వ సెప్పింది, ఈ కొండ మాదే అంటే? అదీ రాయాల."

దాని మాటలో తప్పు లేదు. అందుకే ఇంకా మండింది.

ఆ మర్నాడు నాయకుడి మనిషి ఒక ఫొటో పెట్టాడు. మనవరాలు ఫోను నా ముఖం ముందు పెట్టింది. ప్లాంటు గోడ మీది శిలాఫలకం. పైన నాయకుడి పేరు, ముందు ఒక గౌరవనీయులు, వెనక ఒక గారు. కింద 'వారిచే నిర్మించి ప్రజలకు అంకితం చేయబడినది'. ఇంకెవరి పేరూ లేదు.

"ఇదొక్కటే మామ్మా ఆడికాడున్నది. ఈ రాయి. తాత పేరు ఎందుకు ఎయ్యనేదు? ఇచ్చినోడి పేరు ఒక మూల ఎయ్యరేటి ఎక్కడైనా? బడి గోడ మీద సూడు, గుడి గోడ మీద సూడు, గంట ఇచ్చినోడి పేరు కూడా ఉంతాది."

నేను పప్పు చాట పక్కన పెట్టాను. ఇంక దాచడానికి వీల్లేదు.

"ఎయ్యమన్నాడే మీ తాత," అన్నాను. "నానే ఒద్దన్నాను."

ప్లాంటు గోడలు లేస్తున్నప్పుడు మా ఆయన ఒక రాయి పెట్టిద్దామన్నాడు. తన పేరు కాదు, వాళ్ళ అమ్మ పేరు. టెక్కలి గ్రానైటు రాయి ఊళ్ళు దాటి ఓడలెక్కి వెళ్తుంది, అరగజం ముక్క మనకి దొరకదా అన్నాడు. చెక్కేవాడు ధర చెప్పాడు. నాకు మతి పోయింది. పలాస వెళ్ళే ఆటోకే ఎక్కడెక్కడో తగ్గించుకుని డబ్బు తీస్తున్న రోజులు.

"స్థలం ఇచ్చినది సాలదేటి? పైన రాయి కూడానా?" అన్నాను.

"అమ్మ పేరే. నాది కాదు కదా."

"రాయి మీద పేరెడితే నీళ్ళు తీపెక్కుతాయేటి? ఊరందరికీ తెలుసు. ఎవుడు మర్సిపోతాడు?"

చెక్కేవాడికి వద్దని చెప్పి పంపాడు. రోగంతో ఉన్న మనిషి, దేనికైనా నా మీద ఆధారపడిన మనిషి. ఎదురు చెప్పే బలం లేదని తెలిసే అన్నాను నేను.

ప్రారంభం రోజున పొద్దున్నే పలాస నుంచి ఆటోలో నాయకుడి మనుషులు రాయి తెచ్చారు. పసుపు గుడ్డ కప్పి గోడకి తాపడం చేశారు. ఆయన వచ్చి గుడ్డ లాగాడు. చప్పట్లు కొట్టారు. మా ఆయన కొబ్బరికాయ పట్టుకుని పక్కనే ఉన్నాడు. రాయి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. మొదటి గ్లాసు నీళ్ళు ఆయనకే ఇచ్చారు. రోజుకి ఇంత నీరే తాగాలని డాక్టరు కట్టడి చేసిన మనిషి, ఒక గుక్క తాగి గ్లాసు పక్కవాడికి అందించాడు. ఇంటికి వచ్చాక కూడా రాయి మాట ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు. అరిచినా బాగుండేది.

మనవరాలు అంతా విన్నది. ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు మామ్మా?"

"ఏటని సెప్పను?"

వారం తర్వాత చర్చ ముగిసింది. మూలాలాయన తేల్చాడు. రాయి మీద సొంత స్థలమని లేదు, కనక ఆ మాట తీసెయ్యాలన్నాడు. నాయకుడి మనిషి గింజుకున్నాడు, ఆయన ఒప్పుకోలేదు. రైతు ఇచ్చాడన్నదానికీ మూలం లేదు, అదీ ఉండకూడదన్నాడు. ఇప్పుడు ఆ వాక్యం ఇలా ఉంది: 'గ్రామంలో మంచినీటి కేంద్రాన్ని నిర్మించి ఇచ్చాడు.' కింద ఆ రాయి ఫొటో. ఇంక ఆ ప్లాంటు ఎవరి నేల మీదా లేదు. గాలిలో కట్టినట్టుంది.

"సగం గెలిసినాం," అంది మనవరాలు.

"ఆ సగం ఎవుడికొచ్చింది?" అన్నాను.

నేను టెక్కలి వెళ్ళాను. చెక్కేవాడు అప్పుడు చెప్పిన ధరకి ఇప్పుడు చెప్పినదానికి పోలికే లేదు. బేరమాడలేదు. నా జన్మలో బేరమాడకుండా కొన్నది అదొక్కటే. పైన అత్తగారి పేరు, కింద మా ఆయన పేరు, స్థలం ఇచ్చినవారు అని. ఆటోలో వేసుకుని నేరుగా ప్లాంటు దగ్గర దింపించాను. ప్లాంటు చూసే మనిషి మాకు వరసకి అల్లుడే. రాయి చదివి బుర్ర గోక్కున్నాడు.

"అత్తా, నాకు తెల్దేటి? మావ ఇచ్చినదే. కానీ గోడకి ఎడితే నా ఉజ్జోగం ఎగిరిపోతాది. పైనోళ్ళు ఊరుకోరు."

"గోడకి ఒద్దు. కింద ఎక్కడో ఎట్టు."

అటూ ఇటూ చూశాడు. కుళాయి కింద బురద చూశాడు.

"ఇక్కడ క్యాన్లెట్టుకోడానికి బాగుంతాది. అచ్చరాలు కిందికి తిప్పి ఎడదాం. అప్పుడెవుడూ అడగడు."

వాడు చెడ్డవాడు కాదు. నాకు మేలు చేద్దామనే అన్నాడు. అదే ఆటోలో రాయిని ఇంటికి తెచ్చేశాను.

మనవరాలు గేటు దగ్గరే ఎదురొచ్చి ఫోను తీసింది.

"ఉండు మామ్మా, ఫొటో తీత్తాను. సర్చ పేజీలో ఎడతాను. రాయికి రాయి."

"ఒద్దు."

"ఎందుకు?"

"నాను సెక్కించి, నానే ఇదిగో రుజువని సూపిత్తే, ఆ నాయకుడు సేసిందీ అదే కదే."

అది ఫోను లోపల పెట్టుకుంది. రాయి మా వాకిట్లో గోడకి ఆనించి ఉంది, అక్షరాలు బయటికే. మా ఇంటికి వచ్చేవాళ్ళంతా ఆ సంగతి తెలిసినవాళ్ళే, వాళ్ళకి చదవాల్సిన పని లేదు.

రోజూ పొద్దున్న క్యాను పట్టుకుని వరసలో నిలబడతాను. కుళాయి సన్నగా పోస్తుంది, నిండేదాకా చూడ్డానికి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. గౌరవనీయులు దగ్గర మొదలుపెట్టి గారు దాకా చదువుతాను. మూడో తరగతి చదువు దానికి చాలు.