ఆవకాయ జాడీలో ద్రాక్షలు

చెరకు కోతలు ముగిసే రోజుల్లో చోడవరం అంతా తీపి మత్తులో జోగుతున్నట్టు ఉంటుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్లే బళ్ల మీంచి జారిన గడలు రోడ్డు మీద నలుగుతాయి. ఎండెక్కేసరికి ఆ వాసన మా కిటికీ దాకా వస్తుంది. ఆ కిటికీ పక్కన కూర్చునే నేను నవలలు చదువుకుంటాను, డైరీ రాసుకుంటాను. ఎవరైనా వస్తే రెండూ దిండు కిందకి పోతాయి.

ఆ వేసవి మొదట్లో నాన్న నా గది మూలన ద్రాక్షల జాడీ పెట్టాడు.

నాన్న చెరకు రైతు, మా చర్చి సంఘంలో పెద్ద. నెలలో మొదటి ఆదివారం అందరికీ రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల ఆరాధనకి ద్రాక్షారసం మా ఇంటి నుంచే వెళ్లాలి. నాయనమ్మ బతికున్న రోజుల నుంచీ అంతే. శనివారం సాయంత్రం అమ్మ నల్ల ద్రాక్షలు ఉడకబెట్టి, పలుచటి గుడ్డలో వడకట్టి, చల్లారాక సీసాల్లో పోసేది. ఆ నెల అమ్మ ఇంట్లో లేదు. పిన్ని కూతురి పురిటికని రోలుగుంట వెళ్లింది.

నాన్న సోమవారమే ద్రాక్షలు తెచ్చేశాడు.

"ఉడకబెడితే రుచంతా ఆవిరైపోతాది గుంటా. పచ్చివే పిసికీసి జాడీలో పెట్టేద్దుం. ఆదివారానికి బాగా ఊరతాయి."

నాన్నకి తెలిసిన ఊరడం ఆవకాయ ఊరడమే. ఇద్దరం మోచేతుల దాకా ఊదారంగు చేసుకుని ద్రాక్షలు పిసికాం. పులుపు విరగడానికని నాన్న బెల్లం తరిగి వేశాడు. జాడీ మూతికి తెల్లగుడ్డ నేనే కట్టాను.

అన్నయ్య సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాడు విశాఖపట్నంలో బీరు తయారుచేస్తాడు. బీచ్ రోడ్డు వెనక వీధిలో, బీరు అక్కడే కాచి అక్కడే వడ్డించే రెస్టారెంటులో. సంఘంలో ఎవరడిగినా "హోటల్లో పని" అంటాం. మా ఇంట్లో అందరూ కూర్చున్నాక నాన్న ప్రార్థన చేస్తేనే కంచంలో చేయి పెడతాం. అన్నయ్య ఆ పనిలో చేరిన దగ్గర్నుంచి, వాడు ఇంటికి వచ్చిన రోజున నాన్న ముందే తినేసి పెరట్లోకి వెళ్లి చెరకు కొట్టే కత్తులు నూరుకునేవాడు. ప్రార్థన అమ్మ చేసేది. తిట్టూ లేదు, కేకా లేదు. కత్తి చప్పుడొకటే.

"తిట్టినా బాగుణ్ణే," అన్నాడొకసారి అన్నయ్య బస్టాండులో. "నాన్న నా ఎదురుగా కూకుని నాలుగు ముద్దలు తింటే సాలు నాకు."

ఆ వారం మధ్యలో, మధ్యాహ్నం చదువుతూ చదువుతూ కునుకు తీశాను. ఎవరో చాలా దూరం నుంచి గుసగుసలాడుతున్నట్టు వినిపించింది. కలలో అయితే అది సముద్రం. లేచాక కూడా ఆగలేదు. మూలన జాడీ మీద గుడ్డ చిన్న పొట్టలా ఉబ్బి ఉంది. చెవి ఆనించాను. లోపల సన్నటి వాన కురుస్తోంది.

"నాన్నా, జాడీ మాటాడతంది."

నాన్న వచ్చి వంగి విని, "ఊరతందిలే," అని తృప్తిగా వెళ్లిపోయాడు.

నేను అన్నయ్యకి ఫోన్ చేశాను. జాడీ సంగతంతా చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు.

"ఒసే, దాన్నలాగే ఉంచు. ఎవర్నీ తాగనీకు. శనివారం నేనొస్తన్నాను."

శనివారం మధ్యాహ్నం బస్సు దిగి తిన్నగా జాడీ దగ్గరికే వచ్చాడు. గుడ్డ విప్పి కళ్లు మూసుకుని వాసన చూశాడు. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, ఇది బల్ల మీదకి పనికిరాదు. తొక్కల మీదుండే ఈస్టు నువ్వేసిన బెల్లం తినీసి పొంగింది. వైనైపోయింది."

"అంటే నేను సారా కాసేనంటావేటి?"

"సారా కాదు. వైను. మంచిదే వచ్చింది."

నాన్న గడప మీద కూలబడ్డాడు. "బాప్తిస్మం తీసుకున్న కాణ్ణించి సుక్క ముట్టలేదురా నేను."

"ముట్టలేదు నాన్నా. సేసేవంతే."

నాకు నవ్వాగలేదు. నాన్న నా వైపు కోపంగా చూద్దామనుకుని, చూడలేక, చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"రేపు అందరి ముందూ ఏటి పెట్టాలిరా?"

"ద్రాక్షలు తెచ్చేను. నేను కాసిస్తాను."

నాన్న అన్నయ్య చేతుల వైపు చూశాడు. బీరు కాసే చేతులు. పెరట్లో కాకి అరిచి ఊరుకుంది.

"చేతులు కడుక్కో," అన్నాడు నాన్న.

పొయ్యి మీద గిన్నె పెట్టారు. ఇన్నేళ్లు బెల్లం వండిన నాన్న పొంగు చూస్తూ "మంట తగ్గించరా" అంటాడు. "ఇంకొంచెం ఉండాల నాన్నా" అంటాడు అన్నయ్య. "నాకు తెలీదేటి?" అంటాడు నాన్న. ఇద్దరి మొహాలూ ఒకే ఆవిరిలో మసకబారాయి. ఆ ఆవిరి వెనక ఎవరు నాన్నో ఎవరు అన్నయ్యో కాసేపు నాకు తెలియలేదు.

రసం సీసాల్లో పడ్డాక నేను కంచాలు తీశాను. అన్నయ్య అప్పటికే బ్యాగు తగిలించుకున్నాడు. శనివారం సాయంత్రం రెస్టారెంటుకి జనం ఎక్కువ. వైను జాడీ కూడా ఎత్తుకున్నాడు.

"తినీసి ఎళ్లు," అన్నాడు నాన్న.

"బస్సు పోద్ది నాన్నా."

ఎదురుచూసిన మాట వచ్చిన రోజున వాడికి టైము లేదు. నాన్న వీధి దాకా వెనకే నడిచాడు.

"ఒరే, మీ కాడ అన్నం దొరుకుతాదా?"

తర్వాతి వారం నాన్నా నేనూ విశాఖపట్నం వెళ్లాం. మధ్యాహ్నం కావడంతో పెద్దగా జనం లేరు. అద్దం గోడ వెనక ఎత్తైన స్టీలు ట్యాంకులు, వాటి మీద వంకర్లు తిరిగిన మా ముగ్గురి నీడలు. అన్నయ్య మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాడు. నాన్న చెప్పులు బయట విడిచి, ఒక ట్యాంకుకి చెవి ఆనించి చాలాసేపు ఉన్నాడు.

"ఇందులో ఏటేసేవు?"

"బార్లీ, సోళ్లు, మన బెల్లం."

"సోడంబలేనన్నమాట," అని, రోజూ తాగే రాగి జావే అన్నట్టు తల పంకించాడు. నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు అన్నయ్య నాకు ఒక గుక్క రుచి చూపించాడు. ముందు చేదు. మింగాక ఎక్కడో అడుగున బెల్లం పొయ్యి వెలిగి, మెల్లగా ఆరిపోయింది.

అన్నం, వంజరం చేప పులుసు, చివర్లో తినడానికి మాడుగుల హల్వా తెచ్చి పెట్టారు. వడ్డించే అమ్మాయి "తినండి అంకుల్, చల్లారిపోతుంది," అంది.

"మావాణ్ణి రానీ అమ్మా."

పులుసు మీద నూనె మెల్లగా తెట్టుకట్టింది. నాన్న చేతులు ఒళ్లోనే ఉన్నాయి. అన్నయ్య ఆప్రాన్ విప్పుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాక నాన్న కళ్లు మూసుకున్నాడు. పైన ఏదో ఇంగ్లీషు పాట మోగుతోంది. దాని కింద నాన్న ప్రార్థన గొణుగులా, జాడీలో విన్న వానలా వినిపించింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అన్నయ్యా కళ్లు తెరిచే ఉన్నాడు.

ఆమెన్ అని, నాన్న చేప ముక్క తుంచి ముందు వాడి కంచంలో వేశాడు.