ఖమర్‌బీ ఆకులు, ఆఫ్రీన్ అలారం

ప్రొద్దుటూరులో మా పక్కింటి ఖమర్‌బీ అత్త పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెడుతుంది. ఒప్పుకున్న పనుల్ని ఎక్కడా రాసుకోదు. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో కోన్‌తో చిన్న ఆకు వేస్తుంది. పక్కన ఒక చుక్క ఉంటే దువ్వూరు, రెండుంటే జమ్మలమడుగు.

"ఈ ఆకులు ఎవురికి అర్థమైతాయి అమ్మీ? ఫోన్లో పెట్టుకో, అదే పిలుస్తాది" అని డిగ్రీ చదివే కూతురు ఆఫ్రీన్ పోరు.

"నువ్వు పిలిస్తేనే పలకను, అది పిలిస్తే పలుకుతానా?"

చివరికి ఈ నెల రెండూ నడపాలని, ఏది తప్పితే దాన్ని మానేయాలని పందెం వేసుకున్నారు. ఏది గెలుస్తుందోనని నేను రోజూ వెళ్లి చూసేదాన్ని.

సోమవారం సాయంత్రం ఫోన్లో అలారం మోగింది. రేపే జమ్మలమడుగు అంటోంది. గోడ మీద మాత్రం రేపటి గడిలో దువ్వూరు ఆకు ఉంది. జమ్మలమడుగు ఆకు బుధవారం గడిలో ఉంది.

ఫోన్ మాటే నిజమైతే రెండు పనులూ రేపే. అత్త ముఖం వాడిపోయింది. జమ్మలమడుగుది పెద్దింటి పెళ్లి. అక్కడ పని నచ్చితే ఈ సీజనంతా పిలుపులే. దువ్వూరు చౌడమ్మ కూతురి పెళ్లేమో ఎల్లుండే.

"దువ్వూరోళ్లకు రానని చెప్పు అమ్మీ" అంది ఆఫ్రీన్.

"ఆ పాప ఒట్టి చేతుల్తో పీటల మీద కూచుంటాదా?"

"జమ్మలమడుగు వాళ్లు తేదీ ఏమని చెప్పారత్తా?" అని అడిగాను.

"తేదీ యాడ చెప్పినారు? చాంద్ పద్నాలుగు అన్నారంతే."

నెలవంక కనిపించిన నాటి నుంచి లెక్కపెట్టే రోజది. అత్త క్యాలెండర్లో అచ్చేసిన చాంద్ అంకె చూసి ఆకు వేసింది, ఆఫ్రీన్ ఫోన్లోని యాప్ చూసి అలారం పెట్టింది. ఫోన్ తీసుకుని యాప్ సెట్టింగులు చూశాను. దేశం: కువైట్. అక్కడ నెలవంక మనకన్నా ముందే కనిపిస్తుంది. అక్కడ పనిచేసే ఆఫ్రీన్ నాన్న ఫయాజ్ సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన ఫోను.

"మీ నాయన మాదిరే ఇదీ ఆడ్నే ఉండాదే!" అత్త పకపకా నవ్వింది. "నా క్యాలెండరే గెల్చింది."

"కానీ అత్తా, అది పోయినేడే అచ్చయింది కదా. అప్పటికి ఈ నెలవంకను ఎవరు చూశారు?"

నవ్వు ఆగిపోయింది. వెంటనే జమ్మలమడుగు పెళ్లికూతురి నానమ్మ జైబున్నీసాకు ఫోన్ చేసింది. అవతల పెళ్లింటి గోల మధ్య ముసలామె అరుస్తోంది.

"మంగళారం గాదు, బుధారం గాదు! గురువారం! మబ్బులు పట్టి ఈడ చాంద్ ఒకనాడు ఆలస్యమాయె. క్యాలెండర్ను చూసి రావాకు తల్లీ, నన్ను చూసి రా!"

మంగళవారం దువ్వూరు వెళ్లొచ్చింది. గురువారం జమ్మలమడుగు నుంచి వస్తూ పులివెందుల పెళ్లి ఒకటి ఒప్పుకుని మరీ వచ్చింది. పందెంలో రెండూ ఓడిపోయాయి, రెండూ మానేస్తే ఇక మిగిలేదేమీ లేదు కాబట్టి ఏదీ మానలేదు.

నిన్న మళ్లీ ఎవరో ఫోన్ చేశారు.

"చాంద్ ఏడో తేదీనా? బాగుంది. వారమేదో చెప్పమ్మా" అంది అత్త.

అవతలి వాళ్లు ఇంట్లో ఎవరినో అడుగుతున్నారు. గోడ దగ్గర అత్త కోన్ పట్టుకుని, గడప దగ్గర ఆఫ్రీన్ ఫోన్ పట్టుకుని, జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.