కొత్త పిస్టన్ సంగతి

మా తమ్ముడంటే నాకు చిన్నప్పటి నుంచీ కుళ్ళు. యాభై దాటాక రాస్తున్నాను కాబట్టి ఈ మాట రాయడానికి పెద్దగా సిగ్గు వెయ్యడం లేదు.

మాది సంతబొమ్మాళి వైపు సముద్రపు ఒడ్డు. తాత, నాన్న చేపల వేట మీదే బతికారు. పెద్దకొడుకుని కాబట్టి పడవ నాకు రావాలి. కానీ కెరటాలు దాటామో లేదో నాకు కడుపులో దేవేది. ఏడాదిపాటు నాన్న నన్ను వెంటేసుకుని తిప్పాడు, ఏడాదీ వాంతులే. చివరికి "ఈడు గట్టు మీదకే పనికొత్తాడు" అని ఒక్క మాట అనేసి, పలాసలో ఒక మెకానిక్ దగ్గర పనిలో పెట్టాడు. పడవ తమ్ముడికి పోయింది. వాడు తెడ్డు పట్టుకునే పుట్టాడని ఊళ్ళో అనేవాళ్ళు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

అయితే పడవ వాడిదైనా దాని ఇంజిను బాగోగులు మాత్రం నావి. టూ స్ట్రోక్ బళ్ళు రోడ్డు మీద కనబడటం మానేసి చాలా కాలమైంది. తర్వాత నేను సొంతంగా పెట్టుకున్న షాపుకి ఇప్పుడొచ్చేవన్నీ ఫోర్ స్ట్రోక్ బళ్ళే. ఏడాదికొకసారి, ఎండాకాలంలో వేట నిషేధం పెట్టగానే, తమ్ముడు పడవ వెనక తగిలించే టూ స్ట్రోక్ ఇంజిన్ని ఊడదీసి ఆటోలో పలాస తెచ్చేవాడు. దాన్ని నేనే విప్పేవాణ్ణి, నేనే బిగించేవాణ్ణి, ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేవాణ్ణి కాదు. సముద్రంలో నాకు మిగిలిన వాటా అదొక్కటే మరి.

మొన్నటి ఏడు విప్పి చూస్తే పని పిస్టన్ రింగులు మార్చడంతో పోయేలా లేదు. సిలిండరు లోపల గోరుకి తగిలేంత లోతు గీతలు పడ్డాయి. గీతలు పోయేలా లోపల అరగదీయించి, అంటే బోరింగు చేయించి, సైజు పెద్దదైన కొత్త పిస్టన్ వేశాను. నీళ్ళ డ్రమ్ములో ఇంజిను కాలు ముంచి తాడు లాగితే రెండో లాగుకే అందుకుంది. చెవి దగ్గరగా పెట్టి విన్నాను. నా జీవితంలో అంత బాగా కుదిరిన పని లేదు.

కొత్త పిస్టనంటే కొత్త చెప్పుల లాంటిది, కుదురుకునేదాకా మెల్లగా నడవాలి. మొదటి గంటల్లో పెట్రోల్లో ఆయిలు ఎక్కువ కలపాలి, సగానికి మించి రేజు చెయ్యకూడదు, చేస్తే పిస్టన్ వేడెక్కి సిలిండరులో పట్టేస్తుంది. కానీ మా ఒడ్డున జెట్టీ లేదు. ఇసుకలోంచి తిన్నగా కెరటాల్లోకి తోసి, ఫుల్ రేజు ఇస్తే తప్ప పడవ దాటదు. అందుకని మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కొత్త పిస్టన్ వేసిన పడవని మొదటిరోజు పక్క పడవవాళ్ళు తాడు కట్టి కెరటాలు దాటిస్తారు. అవతల నీళ్ళు నెమ్మదించాకే దాని ఇంజిను వేస్తారు. రింగులు మాత్రమే మారిస్తే ఈ తాడు గొడవ ఉండదు.

నిషేధం రేపటితో ముగుస్తుందనగా తమ్ముడూ నాన్నా ఇంజిను కోసం వచ్చారు. షాపు పక్కన టీ కొట్టులో నలుగురు కూర్చుని ఉన్నారు. నాన్న వాళ్ళకి ఇంజిన్ని చూపించి, "ఇది మా సిన్నోడిది. ఆడి సేతిలో పడితే పాత ఇనుమైనా పరిగెడతాది" అన్నాడు. మోచేతుల దాకా గ్రీజుతో నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాన్న నా వైపు చూడనైనా లేదు. 

తమ్ముడు ఇంజిను ఆటోలోకి ఎత్తుతూ అడిగాడు. "ఏటి మార్సినావన్నియ్యా? రింగులేనా?"

"ఆ, రింగులే" అన్నాను.

నోరు జారి అన్న మాట కాదది. అందరి ముందూ ఇంజిను పట్టేయాలి, చిన్నోడి చేతి మహిమ ఏపాటిదో నాన్న చూడాలి అనుకునే అన్నాను. ఇనుము గురించి ఆలోచించాను గానీ నీళ్ళ గురించి ఆలోచించలేదు.

ఆ ముచ్చట చూద్దామనే మర్నాడు పొద్దున్నే బండేసుకుని ఒడ్డుకి వెళ్ళాను. ఇంజినుకి పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. తమ్ముడూ ఇంకో ఇద్దరూ పడవ ఎక్కారు, మిగతావాళ్ళు తోశారు. తమ్ముడు ఫుల్ రేజు ఇచ్చాడు. మొదటి కెరటం ఎక్కి దిగేసరికి అసలు సంగతి నా బుర్రకి తట్టింది. ఇంజిను అక్కడ ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది. "ఆపరా! కొత్త పిస్టన్‌రా!" అని అరుస్తూ నడుము లోతు నీళ్ళలోకి పరిగెత్తాను. ఆ హోరులో నా గొంతు ఎవరికి వినబడుతుంది?

ఇంజిను బిగుసుకుపోయి మోత ఒక్కసారిగా ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది, వెనకొచ్చిన కెరటం దాన్ని బోర్లా పడేసింది. ఇద్దరి తలలు కనబడ్డాయి. మూడో తల ఎంతసేపటికీ కనబడలేదు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు.

తేలాడు. నుదురు చీలి నెత్తురు కారుతోంది. ఒడ్డు చేరగానే వాడు నాన్నతో అన్న మాట ఇది: "అన్నియ్య తప్పు నేదు, నానే ఆయిలు సరిగ్గా కలిపినట్టు నేదు."

టెక్కలి ఆసుపత్రిలో కుట్లు వేయించి బల్ల మీద కూర్చోబెట్టాక ఇక ఉండబట్టలేక చెప్పేశాను. వాడు ఒకటే అడిగాడు.

"ఎందుకు సెప్పనేదు?"

"కుళ్ళురా" అన్నాను.

వాడు తల కిందకి దించుకున్నాడు. "నాన్నకి సెప్పకు. ముసిలోడు తట్టుకోనేడు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అక్కడ కూడా వాడే నాకంటే పెద్దవాడైపోయాడు.

ఆ తర్వాత ఆటో నా షాపుకి రాలేదు. అన్నియ్యకి పని ఎక్కువైపోయిందని నాన్నకి చెప్పి, ఇంజిన్ని టెక్కలిలో ఎవరికో ఇస్తున్నాడు. ఇంటికి వెళ్తే ఎప్పటిలాగే పలకరిస్తాడు, నా కంచంలో పెద్ద ముక్కే వేయిస్తాడు. ఆ సంగతి మాత్రం ఎత్తడు.

ఈ ఏడు వేరే పని మీద టెక్కలి వెళ్తే ఆ షాపు కనబడింది. రోడ్డుకి ఇవతలే, మాటలు వినబడేంత దూరంలో బండి ఆపాను. మెకానిక్ మా ఇంజిన్ని బిగిస్తున్నాడు, తమ్ముడు పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏం మార్చావు, ఎందుకు మార్చావు, పాతది ఏదీ చూపించు అని ఒక్కొక్కటే అడుగుతున్నాడు. మెకానిక్ చెప్పిందే మళ్ళీ చెప్పించుకుంటున్నాడు. నన్ను ఇన్నేళ్ళలో ఏ మాటా రెండోసారి అడగలేదు.