కొల్లేటి ఈకలతో కమ్చట్కాకు

2022 మార్చి. అప్పట్లో నేను కైకలూరులో పశువైద్యురాలిని. మా ఆసుపత్రికి గేదెలు, కోళ్ళు, అప్పుడప్పుడూ కుక్కలు వచ్చేవి. చుట్టూ చెరువులే కావడంతో దారి తప్పి రొయ్యల శాంపిళ్ళు కూడా వచ్చేవి. "ఇక్కడ కాదండీ, ల్యాబ్ పక్క వీధిలో" అని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేది.

ఆ రోజు కొల్లేటికోట నుంచి యేసురత్నం గారు థర్మాకోల్ పెట్టె పట్టుకొచ్చినప్పుడూ అదే మాట అనబోయాను. ఆయన ఒక రొయ్యల చెరువుకు కాపలా మనిషి. మూత తీస్తే ఐసు ముక్కల మీద రెండు ఉల్లంకి పిట్టలు, చలికాలం బురద నేలల్లో వాలే వలస పక్షులు, పిచ్చుక కంటే కాస్త పెద్దవి. ఒకటి చచ్చిపోయింది. రెండోది వణికిపోతోంది.

"ఐసులో పెట్టారేంటండీ! ఇవేమన్నా రొయ్యలా?"

"ఎండకి పాడైపోతాయేమోనండి. శాంపిల్ ఎప్పుడూ ఇలాగే తెత్తామండి. రోగం తెలవాలంటే చచ్చిందీ, బతికిందీ రెండూ తెమ్మంటారు కదండీ."

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. రోగమేమీ లేదు. రొయ్యలు పట్టేశాక నీళ్ళు తీసేసిన చెరువులో పురుగుల కోసం పిట్టలు దిగుతాయి. పక్షులు రాకుండా పైన కట్టిన దారాలు ఇంకా విప్పలేదు. రెండూ వాటిలో చిక్కుకున్నాయి. బతికినదాన్ని బ్రూడర్‌లో, అంటే కోడిపిల్లల్ని వెచ్చగా ఉంచే బల్బు పెట్టెలో పెట్టాను. చచ్చినదాన్ని పారెయ్యమన్నాను.

వణుకు తగ్గాక చూస్తే దాని కాలికి చిన్న లోహపు రింగు, పైన అక్షరాలున్న ప్లాస్టిక్ ఫ్లాగ్. వలస పక్షులు ఎక్కడికి వెళుతున్నాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కట్టే గుర్తులివి. అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేసి చెప్పి, రింగు మీదున్న చిరునామాకు ఫొటోలు పంపాను. మర్నాడు పొద్దున్నే వీడియో కాల్ వచ్చింది, కమ్చట్కా నుంచి. పసిఫిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన ద్వీపకల్పం అది. ఆ పేరు నేను స్కూలు అట్లాసులో తప్ప ఎక్కడా చూడలేదు.

ఇరీనా అనే ఆవిడ అక్కడ పక్షుల మీద పరిశోధన చేస్తోంది. పలకరింపు కూడా లేకుండా ముందు పిట్టను చూపించమంది. ఒక అగ్నిపర్వతం కింది లోయలో ఏళ్ళ తరబడి ఈ పిట్టల పిల్లలకు ఫ్లాగులు కడుతోందట. చలికాలం అవి ఎక్కడ గడుపుతాయో ఒక్క కబురూ రాలేదట. "మొదటి కబురు మీదే. దయచేసి దాన్ని బతికించండి" అంది.

పిట్ట ఎలా ఉందో చూడ్డానికి వచ్చిన యేసురత్నం గారు నా భుజం మీంచి తొంగి చూశారు. "ఆళ్ళ ఊరెలా ఉంటాదో చూపించమనండి."

ఆవిడ వేసవిలో తీసిన ఫొటోలు చూపించింది. పొగ కక్కుతున్న కొండ. దాని కింద పచ్చటి నాచు నేల. భూగర్భ పరిశోధకులు తవ్విన గొయ్యి గోడలో తెలుపు, నలుపు, గోధుమ రంగు పొరలు, పూతరేకు మడతల్లా. కొండ పేలిన ప్రతిసారీ పడిన బూడిద ఒక్కో పొర. ఆ బూడిద మీద మొలిచిన నాచులోనే ఈ పిట్టలు గుడ్లు పెడతాయి.

"మా చెరువు తవ్వినప్పుడు కూడా పొరలొచ్చాయండి" అన్నారు యేసురత్నం గారు. "అడుగున అన్నీ సముద్రపు గుల్లలే."

అది ఇంగ్లీషులో చెప్పగానే ఇరీనా కుర్చీలోంచి లేచి నిలబడింది. ఒకప్పటి సముద్రం మీద చలికాలం, ఒకప్పటి నిప్పుల మీద వేసవి. ఆ రెండింటినీ కలుపుతున్న జీవి నా బల్బు కింద పురుగులు ఏరుకుని తింటోంది.

కానీ దాని కుడి రెక్కలో ఎగిరే ఈకలు వరసగా విరిగిపోయాయి. ఎముక బాగానే ఉంది. విరిగిన ఈక మన గోరులాగా పెరగదు. పాతది రాలి కొత్తది వచ్చే కాలం దాకా ఆగాల్సిందే. ఏప్రిల్‌లో వెళ్ళాల్సిన పిట్ట అది. అన్ని నెలలు పంజరంలో బతకదు.

ఉన్న దారి ఒక్కటే, ఇంపింగ్. డేగల్ని పెంచేవాళ్ళ పాత పద్ధతి. విరిగిన ఈక మొదట్లోకి సన్నటి పుల్ల దూర్చి, ఇంకో పక్షి ఈకను జిగురుతో అతికిస్తారు. ఈకలు అదే జాతివి, అదే రెక్కవి కావాలి. నేను చదివానే గానీ ఎప్పుడూ చెయ్యలేదు. పైగా అలాంటి ఈకలు ఎక్కణ్ణుంచి తేవాలి?

"ఆ చచ్చిపోయినది ఉంది కదండీ" అన్నారు యేసురత్నం గారు.

"పారెయ్యమన్నాను కదండీ?"

"ఎందుకు పోయిందో మీరు చెప్పలేదు కదండీ. ఐసు మార్చి ఉంచానండి."

ఆయన్ని తిట్టాలో, దణ్ణం పెట్టాలో తెలియలేదు. వెదురు పుల్లను సూదిలా చెక్కాను. ఆయన పిట్టను పట్టుకున్నారు. దాని గుండె దడ ఆయన వేళ్ళ మీద కనిపిస్తోంది. ఒక్కో ఈక అతికిస్తూ ఊపిరి బిగపట్టాను. గేదెకు కాన్పు చేసేటప్పుడు కూడా నేను అంత జాగ్రత్త పడలేదు.

జిగురు గట్టిపడి, గదిలో రెండు చుట్లు తిరిగాక, అటవీశాఖ వాళ్ళ ఎదుటే దాన్ని ఆయన చెరువు గట్టు మీద వదిలాం. దారాలు అప్పటికే ఆయన విప్పేశారు. పిట్ట బురదలోకి దిగి, రెండు పురుగులు తిని, మా వంక చూడనైనా చూడకుండా లేచిపోయింది. తర్వాత కబురు లేదు. దారిలో జిగురు ఊడి ఎక్కడ పడిపోయిందోనని నాకు బెంగగానే ఉండేది.

జూన్‌లో ఇరీనా ఫొటో పంపింది. నాచులో గూడు, ఫ్లాగు కట్టిన కాలు, గుడ్ల మీద వాలిన పిట్ట. కుడి రెక్క చివర ఈకల రంగు కాస్త వేరు.

నా వృత్తిలో ప్రాణం పోయిందంటే కేసు ముగిసినట్టే అనుకునేదాన్ని. కారణం రాసి తర్వాతి కేసును పిలిచేదాన్ని. అలా ముగిసిందని నేను పక్కకు నెట్టేసిన పిట్ట ఈకల బలంతోనే ఇంకొకటి సముద్రాలు దాటింది. ప్రాణం విషయంలో ఆఖరి మాట డాక్టరుది కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఫొటో చూపించడానికి కొల్లేటికోట వెళ్ళాను. యేసురత్నం గారు చెయ్యి తుడుచుకుని ఫోను అందుకుని చాలాసేపు చూశారు.

"రెండూ ఇంటికెళ్ళిపోయాయన్నమాటండి" అన్నారు.